అమెరికా తెలుగు సంఘాల పెద్దలకి బహిరంగ లేఖ: లెగసీ సీట్ల గురించి ఎప్పుడు అడుగుతారు?

అమెరికాలో తెలుగు సంఘాలు నడుపుతున్న అన్నలకి, అక్కలకి, పెద్దలందరికీ నమస్కారం.

ప్రతి ఏడాది సమ్మర్ సెలవులు అయిపోయే టైంకి మీరు కాలేజ్ అడ్మిషన్ల మీద మీటింగులు పెడతారు. జూమ్‌లో పెట్టినా గుడి హాల్లో పెట్టినా జనం బాగానే వస్తారు, పిల్లలేమో వెనక కుర్చీల్లో ఫోన్లు చూసుకుంటూ ఉంటారు, అమ్మానాన్నలు ముందు వరసలో కూర్చుని నోట్స్ రాసుకుంటారు. మంచి పనే, కొత్తగా వచ్చిన వాళ్ళకి కామన్ యాప్ అంటే ఏంటో ఎర్లీ డెసిషన్ అంటే ఏంటో చెప్పే దిక్కు ఉండదు, మీరే చెప్తున్నారు. కానీ ఏషియన్ పిల్లలకి (అందులో మన పిల్లలూ వస్తారు) అన్యాయం జరుగుతోందని హార్వర్డ్ మీద వేసిన కేసులో, 2023 జూన్ 29న సుప్రీం కోర్టు రేస్, అంటే జాతి, చూసి సీట్లు ఇవ్వడం కుదరదు అని తీర్పు ఇచ్చిన దగ్గర్నుంచి ఈ మీటింగుల్లో ఒక మాట పదే పదే వింటున్నా. "ఇక్కడ కూడా రిజర్వేషన్లు పోయాయి, ఇక మన పిల్లలకి న్యాయం జరుగుతుంది" అని స్టేజ్ మీద నుంచి ఎవరో ఒకరు అంటారు, హాలంతా చప్పట్లు. వాట్సాప్ గ్రూపుల్లో అయితే ఇంకా ఘోరం, బ్లాక్ పిల్లల గురించి అక్కడ రాసే మాటలు నేను ఇక్కడ తిరిగి రాయలేను.

నేనూ ఆ కుర్చీల్లో కూర్చునే మనిషినే, మా అమ్మాయి కూడా ఇప్పుడు అదే వయసులో ఉంది. అందుకే అడుగుతున్నా. ఆ తీర్పు వల్ల మనకి దక్కింది ఏంటి, మన పేరు చెప్పుకుని ఎవరు ఏం గెలిచారు, అసలు మన పిల్లలకి రావాల్సిన సీటు ఎవరి చేతిలో ఉంది, లెగసీ సీట్లు, అంటే అదే కాలేజ్‌లో చదివినవాళ్ళ పిల్లలన్న కారణంతో ఇచ్చే సీట్లు, ఎన్ని, ఇవన్నీ మీరు తల్లిదండ్రులకి చెప్పాలి కదా, ఎందుకు చెప్పట్లేదు?

ఏషియన్ పిల్లలకి అన్యాయం ఏమీ జరగలేదు అని నేను అనను. కేసులో బయటికొచ్చిన లెక్కలు చూస్తే ఏ తల్లికైనా కడుపు మండుతుంది. హార్వర్డ్ వాళ్ళు ప్రతి అప్లికేషన్‌కి చదువుకి ఒక రేటింగ్, ఆటలకి ఒకటి, మిగతా యాక్టివిటీలకి ఒకటి, పర్సనల్ అని ఇంకొకటి ఇస్తారు. పర్సనల్ అంటే మనిషి ఎలాంటివాడు, ధైర్యం ఉందా, దయ ఉందా, నలుగురితో కలుస్తాడా అని. చదువులో ఏషియన్ పిల్లలే పైన ఉన్నారు, యాక్టివిటీల్లో కూడా బాగానే ఉన్నారు, ఈ పర్సనల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం సగటున అందరికంటే కిందకి పోయారు. ఇంకా బాధ ఏంటంటే పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిన పాత స్టూడెంట్లు ఇచ్చిన రేటింగుల్లో మన పిల్లలకీ తెల్ల పిల్లలకీ పెద్ద తేడా లేదు, పిల్లల మొహం కూడా చూడని ఆఫీసు వాళ్ళు ఇచ్చిన రేటింగుల్లోనే తేడా వచ్చింది. 2019లో కింది కోర్టు జడ్జి ఆలిసన్ బరోస్ ఇది కావాలని చేసిన వివక్ష అని రుజువు కాలేదు అన్నారు, 2020లో అప్పీల్ కోర్టు కూడా అదే మాట అంది. వాళ్ళేమన్నా సరే ఆ తేడా మాత్రం కాగితం మీద కనిపిస్తూనే ఉంది.

కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ పర్సనల్ రేటింగులో మన పిల్లలు తెల్ల పిల్లల కంటే కూడా తక్కువ పడ్డారు. దానికీ బ్లాక్ పిల్లలకి ఇచ్చే ప్రాధాన్యానికీ సంబంధం ఏంటి? అది అసలు అఫర్మేటివ్ యాక్షనే (వెనకబడ్డ జాతుల పిల్లలకి ఇచ్చే ప్రాధాన్యం) కాదు, మనల్ని పుస్తకాల పురుగులుగా, మనసు లేని మరమనుషులుగా చూసే చూపు అది. సుప్రీం కోర్టు తీర్పు దాన్ని ఎత్తేసిందా అంటే లేదు. అడ్మిషన్ ఆఫీసులు ఈరోజుకీ మనిషి గుణాన్ని తూకం వేయొచ్చు, ఎలా వేస్తారో మనకి చెప్పక్కర్లేదు. మనకి నొప్పి ఉన్న చోటు ఒకటైతే మందు రాసింది ఇంకో చోట, పైగా ఆ మందు వల్ల వేరేవాళ్ళకి గాయం అయ్యింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 2024లో హార్వర్డ్‌కి 50 వేలకి పైగా అప్లికేషన్లు వచ్చాయి, సీటు ఇచ్చింది 2 వేల లోపు మందికి. తీర్పు తర్వాత మొదటి బ్యాచ్‌లో, అంటే 2024లో చేరిన వాళ్ళలో బ్లాక్ పిల్లలు 14 శాతం, అంతకుముందు ఏడాది 18 శాతం. సరే ఆ 14 శాతం కూడా మొత్తం తీసేశారనుకుందాం, ఒక్క బ్లాక్ పిల్లాడికి కూడా సీటు ఇవ్వలేదనుకుందాం, అప్పుడు మిగిలేది సుమారు 270 సీట్లు. వాటి కోసం నిలబడి ఉన్నది దాదాపు 50 వేల మంది. రిజెక్ట్ అయిన మన అబ్బాయికో అమ్మాయికో ఆ సీటు వచ్చే అవకాశం అర శాతం చుట్టుపక్కల పెరుగుతుంది, అంతే. రిజెక్ట్ అయిన 50 వేల ఇళ్ళలో ప్రతి ఇంట్లోనూ "ఆ సీటు వాళ్ళు తీసుకున్నారు" అని అనుకుంటే ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది చెప్పండి.

ఆ మొదటి ఏడాది, 2024లో, జరిగింది కూడా చూడండి. ఎంఐటీలో ఏషియన్ పిల్లలు 40 నుంచి 47 శాతానికి పెరిగారు, నిజమే, బ్లాక్ పిల్లలు 13 నుంచి 5కి పడిపోయారు. హార్వర్డ్‌లో ఏషియన్ పిల్లలు ఆ ఏడాది 37 శాతం దగ్గరే ఉండిపోయారు, అంతకుముందు ఏడాదీ అంతే. కేసు వేసిందే ఆ కాలేజ్ మీద! యేల్‌లో 30 నుంచి 24కి తగ్గారు, ప్రిన్స్‌టన్‌లో కూడా కొంచెం తగ్గారు. రేస్ చెప్పకుండా వదిలేసిన పిల్లలు పెరిగారు కాబట్టి ఈ అంకెల్ని పట్టుకుని మరీ గట్టిగా వాదించకూడదు, అది నాకూ తెలుసు. కానీ మీ స్టేజ్ మీద చెప్పినట్టు గేట్లు బార్లా తెరుచుకోలేదు అన్నది మాత్రం స్పష్టం. ఆమ్‌హర్స్ట్ కాలేజ్‌లో బ్లాక్ పిల్లలు 11 శాతం నుంచి 3 శాతానికి వచ్చారు. ఆ అంకె చదివినప్పుడు నాకైతే చప్పట్లు కొట్టాలని అనిపించలేదు.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి ఇది ఇంకా బాగా తెలియాలి. అక్కడ 1996లోనే ప్రాపొజిషన్ 209 పాస్ అయింది, బర్క్‌లీ, యూసీఎల్‌ఏ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీల్లో రేస్ చూడడం అప్పట్నుంచే లేదు. మరి బే ఏరియాలో మన తల్లిదండ్రులు ప్రశాంతంగా నిద్రపోతున్నారా? బర్క్‌లీలో కంప్యూటర్ సైన్స్ సీటు కోసం వాళ్ళు పడే టెన్షన్ మనందరికీ తెలుసు. అక్కడ రేస్ పోయి ఇన్నేళ్ళయినా పోటీ పోలేదు, సీట్లు తక్కువగా ఉండడం పోలేదు, బాగా డబ్బున్న స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఇల్లు కొనుక్కున్నవాళ్ళ పిల్లలకి ఉండే వీలు పోలేదు.

మరి సీట్లు ఎవరి దగ్గర ఉన్నాయి? ఇదే కేసులో, కేసు వేసిన వాళ్ళ తరఫునే సాక్ష్యం చెప్పిన డ్యూక్ యూనివర్సిటీ ఎకనామిస్ట్ పీటర్ ఆర్సిడియకోనో, ఆయనతో పాటు ఇంకో ఇద్దరు 2019లో ఒక స్టడీ రాశారు. హార్వర్డ్‌లో సీటొచ్చిన తెల్ల పిల్లల్లో 43 శాతానికి పైగా స్పోర్ట్స్ రిక్రూట్లు, హార్వర్డ్‌లో చదివినవాళ్ళ పిల్లలు, డొనేషన్లు ఇచ్చేవాళ్ళు వగైరా డీన్ లిస్టులో ఉన్నవాళ్ళ పిల్లలు, అక్కడి ఫ్యాకల్టీ, స్టాఫ్ పిల్లలు. బ్లాక్, హిస్పానిక్, ఏషియన్ పిల్లల్లో ఆ బాపతు వాళ్ళు 16 శాతం కూడా లేరు. ఆ 43 శాతంలో ముప్పావు వంతు మంది ఆ చుట్టరికం లేకపోతే రిజెక్ట్ అయ్యేవాళ్ళే అని కూడా తేల్చారు. ఆ సంవత్సరాల్లో మామూలు పిల్లలకి వందలో ఆరుగురికి సీటొస్తే తల్లో తండ్రో హార్వర్డ్‌లో చదివిన పిల్లలకి వందలో 33 మందికి వచ్చింది. ఈ మాట మీ మీటింగులో ఒక్క స్లైడ్ మీద కూడా నేను చూడలేదు.

అది ఒక్క హార్వర్డ్ సంగతే కూడా కాదు. 2023 జులైలో ఎకనామిస్ట్ రాజ్ చెట్టి వాళ్ళ టీమ్ హార్వర్డ్, యేల్ స్థాయి ఉన్న 12 కాలేజీల మీద చేసిన స్టడీలో కూడా ఇదే తేలింది, ఒకే శాట్ స్కోర్ ఉన్నా మధ్యతరగతి పిల్లల కంటే అందరికంటే పైనున్న ఒక్క శాతం ధనవంతుల పిల్లలు ఆ కాలేజీల్లో చేరే అవకాశం రెట్టింపుకి మించి ఉంది. మార్కులే కొలత అని మనం నమ్ముతాం కదా, మార్కులు సమానంగా ఉన్నచోటే మన పిల్లలు ఓడిపోతున్నారు, ఓడిస్తున్నది వెనకబడ్డవాళ్ళు కాదు.

ఈ పద్ధతి ఎప్పుడు మొదలైందో తెలిస్తే ఇంకా బాధేస్తుంది. 1920ల్లో హార్వర్డ్‌లో పరీక్ష రాసి వచ్చే యూదుల పిల్లలు ఐదో వంతు దాటిపోయారు. అప్పటి ప్రెసిడెంట్ లారెన్స్ లోవెల్ యూదుల్ని 15 శాతం దగ్గర ఆపాలని చూశాడు, బాహాటంగా కోటా పెట్టడం కుదరకపోతే గుణం, వ్యక్తిత్వం, ఇంటి నేపథ్యం అని అప్లికేషన్‌లో చూడడం మొదలుపెట్టారు, ఫొటోలు అడిగారు, తండ్రి ఎక్కడ చదివాడు అన్నది పనికొచ్చింది. బాగా చదివే వలసవాళ్ళ పిల్లల్ని ఆపడానికి పుట్టిన పద్ధతి అది. అదే లోవెల్ బ్లాక్ స్టూడెంట్లని ఫస్ట్ ఇయర్ హాస్టళ్ళలో ఉండనివ్వలేదు, గొడవ అయితే 1923లో పై బోర్డు వాళ్ళు దాన్ని కొట్టేశారు. అంటే యూదుల పిల్లాడికి అడ్డుపెట్టిన చెయ్యి, నల్లజాతి పిల్లాడికి అడ్డుపెట్టిన చెయ్యి ఒకటే.

ఆ రోజుల్లోనే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగాడు. హార్వర్డ్‌లో చదువుకుంటూ ఖర్చుల కోసం రాత్రిళ్ళు హాస్పిటల్లో మలమూత్రాల గిన్నెలు ఎత్తే పని చేశాడు. కండరాల్లో శక్తి ఎలా నిలవ ఉంటుందో అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి కనిపెట్టాడు, అంత చేసినా హార్వర్డ్ ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు, 1940లో లెడర్లే కంపెనీకి వెళ్ళిపోయాడు, 1948లో పోయేనాటికి కూడా ఈ దేశ పౌరుడు కాలేదు. మీ కన్వెన్షన్లలో ఆయన ఫొటో పెట్టి దండలు వేస్తాం. ఆయనకి ఎందుకు అలా జరిగింది అనేది కూడా చెప్పాలి కదా.

1923లోనే, పౌరసత్వం అడిగిన పంజాబీ భగత్ సింగ్ థింద్ కేసులో ఇదే సుప్రీం కోర్టు భారతీయులు తెల్లవాళ్ళ కింద రారు, కాబట్టి పౌరసత్వం లేదు అని తీర్పు ఇచ్చింది. థింద్ తరఫున వాదన ఏంటో తెలుసా, తను ఉన్నత కులపు ఆర్యుడు కాబట్టి తెల్లవాళ్ళతో సమానం అని. కోర్టు ఒప్పుకోలేదు, అప్పటికే పౌరసత్వం వచ్చిన మనవాళ్ళ దగ్గర్నుంచి కూడా వెనక్కి లాక్కున్నారు. తెల్లవాళ్ళ పక్కన నిలబడి, కింద ఉన్నవాళ్ళని చూపించి, మేం వాళ్ళలాంటి వాళ్ళం కాదు అంటే మనల్ని లోపలికి రానిస్తారని అనుకోవడం మనవాళ్ళలో కొత్త కాదు, అది ఫలించలేదన్నదీ కొత్త కాదు.

మరి మనకి తలుపు ఎవరు తెరిచారు? 1946 తర్వాత కూడా ఇండియా మొత్తానికి ఏడాదికి ఇచ్చిన కోటా 100 మంది. మార్చింది 1965. ఆ ఏడాది జూన్ 4న ప్రెసిడెంట్ జాన్సన్ నల్లజాతివాళ్ళ హోవార్డ్ యూనివర్సిటీలో నిలబడి, ఏళ్ళ తరబడి గొలుసులతో కట్టేసిన మనిషిని విప్పి పరుగుపందెం గీత దగ్గర నిలబెట్టి ఇక నువ్వు అందరితో సమానంగా పరిగెత్తు అంటే అది న్యాయం అనిపించుకోదు అన్నాడు. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం మీద సంతకం పెట్టాడు. అక్టోబర్ 3న ఇమిగ్రేషన్ చట్టం మీద సంతకం పెట్టాడు, దేశాన్ని బట్టి, రేస్‌ని బట్టి పెట్టిన పాత కోటాలు పోయాయి. ఒకే మనిషి, నాలుగు నెలలు. ఓటు హక్కు కోసం సెల్మా బ్రిడ్జి మీద నడిచి పోలీసుల లాఠీలు తిన్నది మన తాతలు కాదు, కుక్కలు మీద పడ్డది మనవాళ్ళ మీద కాదు. గుంటూరు, కాకినాడ, ఉస్మానియా మెడికల్ కాలేజీల నుంచి డాక్టర్లు, తర్వాత ఇంజనీర్లు, ఆ తర్వాత మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు వచ్చింది ఆ తలుపులోంచే.

వచ్చాక మనం కూడా అడిగాం. ఇది చాలామందికి తెలియదు, పెద్ద వయసు వాళ్ళకైనా గుర్తుండాలి. 1982లో భారతీయ వ్యాపారులు మేం కూడా సామాజికంగా వెనకబడ్డవాళ్ళమే, మమ్మల్ని కూడా లిస్టులో చేర్చండి అని ఫెడరల్ ప్రభుత్వ స్మాల్ బిజినెస్ ఆఫీసుకి అర్జీ పెట్టుకుంటే చేర్చారు. వెనకబడ్డవాళ్ళ కంపెనీల కోసం పెట్టిన ఆ 8-ఎ ప్రోగ్రామ్ కింద గవర్నమెంట్ కాంట్రాక్టులు తీసుకుని పైకొచ్చిన ఐటీ కంపెనీలు మనవాళ్ళలో ఎన్ని ఉన్నాయో మీ డోనర్లనే అడగండి. అది తప్పని నేను అనట్లేదు, ఆ లిస్టు బ్లాక్ వ్యాపారుల పోరాటం వల్ల వచ్చిందని మాత్రం మర్చిపోవద్దు అంటున్నా. హార్వర్డ్ తీర్పు వచ్చిన మూడు వారాలకే, 2023 జులై 19న టెనెసీలో ఒక ఫెడరల్ జడ్జి, రేస్‌ని బట్టి ఆటోమేటిక్‌గా వెనకబడ్డవాళ్ళు అని అనుకోవడం ఇక కుదరదు అని ఆ ప్రోగ్రామ్‌లో ఆ ముక్క కొట్టేశాడు. మనం చప్పట్లు కొట్టిన తీర్పు తిరిగి మన ఇంటికే వచ్చింది.

ఇక ఈ కేసు వేసిన ఎడ్వర్డ్ బ్లమ్ గురించి. ఆయన ఏషియన్ కాదు, లాయర్ కూడా కాదు. 2013లో ఆ 1965 ఓటు హక్కు చట్టం నడుం విరగ్గొట్టిన షెల్బీ కౌంటీ కేసు వెనక ఉన్నది ఆయనే. టెక్సస్ యూనివర్సిటీ మీద ఒక తెల్లమ్మాయి పేరుతో కేసు నడిపించి 2016లో ఓడిపోయాడు. 2015లో హ్యూస్టన్‌లో మాట్లాడుతూ నాకు కేసు వేయడానికి మనుషులు కావాల్సి వచ్చారు, ఏషియన్లు కావాల్సి వచ్చారు అని తనే చెప్పాడు. హార్వర్డ్ ట్రయల్‌లో ఆయన సంస్థ తరఫున ఒక్క ఏషియన్ స్టూడెంట్ కూడా బోనెక్కి మాట్లాడలేదు. గెలిచాక ఆయన లెగసీ సీట్ల మీదకి వెళ్ళాడా? 2023 ఆగస్టులో అట్లాంటాలో నల్లజాతి ఆడవాళ్ళ చిన్న వ్యాపారాలకి గ్రాంట్లు ఇచ్చే ఫియర్‌లెస్ ఫండ్ మీద కేసు వేయించాడు, ఆ గ్రాంట్లు ఆగిపోయాయి. 20 వేల డాలర్ల గ్రాంటు తీసుకునే ఆ అమ్మాయికీ మన పిల్లల సీటుకీ ఏం సంబంధం?

ఇప్పుడు మన లోపలి మాట. మీరు స్టేజ్ మీద "రిజర్వేషన్లు" అన్నప్పుడు చప్పట్లు అంత గట్టిగా ఎందుకు పడతాయో నాకు తెలుసు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో తక్కువ ర్యాంకు వాళ్ళకి సీటు వచ్చింది, నాకు రాలేదు అన్న బాధ చాలామంది ఇక్కడిదాకా మోసుకొచ్చారు. అక్కడి సంగతి అక్కడ వాదించుకోవచ్చు, రాజ్యాంగంలో ఉంది, శాతాలు ఉన్నాయి, ర్యాంకుల లిస్టు అందరికీ కనపడుతుంది. ఇక్కడ అలా లేదు. 1978లో బాకీ కేసులో, డేవిస్ మెడికల్ కాలేజ్ 100 సీట్లలో 16 విడిగా పెట్టినందుకే కోర్టు తప్పు పట్టింది, అప్పట్నుంచి ఇక్కడ సీట్లు విడగొట్టి పెట్టడం లేదు, 2023 తీర్పు దాకా అప్లికేషన్‌లో చూసే చాలా విషయాల్లో రేస్ ఒకటిగా ఉండేది, అంతే. 2003లో మిషిగన్ యూనివర్సిటీ 150 పాయింట్లలో 20 పాయింట్లు కలుపుతుంటే అదీ చెల్లదు అన్నారు. ఊళ్ళో కోపాన్ని తెచ్చి ఇక్కడి పిల్లల మీద చూపిస్తే ఎలా?

పైగా ఆ హాల్లో ఎవరెవరు కూర్చుని ఉంటారో మీరు చూడట్లేదు. మన మధ్యలో బీసీ ఇళ్ళ నుంచి, ఎస్సీ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్ చదివి, అప్పు చేసి ఎంఎస్‌కి వచ్చి, ఇప్పుడు మన పక్క క్యూబికల్లో పని చేస్తున్నవాళ్ళు, వీకెండ్‌లో మన పక్కనే పులిహోర తినేవాళ్ళు. రిజర్వేషన్ మీద జోకు పడ్డప్పుడల్లా వాళ్ళు ప్లేటులోకి చూసుకుంటూ నవ్వినట్టు మొహం పెట్టడం నేను చూశాను. తర్వాత ఒకామె నాతో అంది, "అక్కా, మేం మెంబర్‌షిప్ రెన్యూ చేయం, పిల్ల ముందు ఆ మాటలు వినిపించలేను" అని. సంఘం అందరిదీ అని బ్యానర్ కడతాం. ఆమె వెళ్ళిపోయిందని మీలో ఎవరికైనా తెలుసా?

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది పిల్లల కోసం. మీరు పిలిచే కౌన్సెలర్లలో కొంతమంది, అందరూ కాదు, పిల్లలకి ఏం చెప్తున్నారో వినండి. కూచిపూడి గురించి రాయొద్దు, కర్ణాటక సంగీతం రాయొద్దు, స్పెల్లింగ్ బీ రాయొద్దు, రేస్ బాక్స్ ఖాళీగా వదిలెయ్యి, ఏషియన్‌లా కనపడకు అని. పదేళ్ళు కాళ్ళు అరిగేలా నాట్యం నేర్చుకున్న పిల్లని, అది నీ అప్లికేషన్‌కి దరిద్రం అని చెప్తే ఆ పిల్ల తన గురించి తను ఏమనుకుంటుంది? తీర్పులో చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ స్పష్టంగానే రాశారు, రేస్ తన జీవితాన్ని ఎలా తాకిందో స్టూడెంట్ వ్యాసంలో రాసుకోవచ్చు, కాలేజ్ దాన్ని చదివి ఆ పిల్లాడి ధైర్యాన్నీ పట్టుదలనీ చూడొచ్చు అని. బ్లాక్ అమ్మాయి రాసుకోవచ్చు, మన అమ్మాయి కూడా రాసుకోవచ్చు. దాచుకోమని నేర్పడానికి వందల డాలర్లు కట్టడం ఏంటి అసలు.

నేను మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. తీర్పు గురించి చెప్తే పూర్తిగా చెప్పండి, పర్సనల్ రేటింగు సంగతీ చెప్పండి, 43 శాతం సంగతీ చెప్పండి, 1965 సంగతి కూడా చెప్పండి. పిల్లల్ని దాక్కోమని చెప్పే కౌన్సెలర్లకి మైక్ ఇవ్వకండి. మీ గ్రూపుల్లో బ్లాక్ పిల్లల మీద చెత్త రాసేవాళ్ళని అడ్మిన్‌లుగా మీరే ఆపండి, ఎవరో ఒకరు ఆపుతార్లే అనుకోకండి.

లెగసీ మీద కదలండి. ఇది జరగని పని కాదు, జరుగుతూనే ఉంది. ఎంఐటీ అసలు లెగసీ చూడదు, జాన్స్ హాప్కిన్స్ ఆపేసింది, ఆమ్‌హర్స్ట్ 2021లో ఆపేసింది, వెస్లియన్ తీర్పు వచ్చిన నెలలోపే ఆపేసింది. కొలరాడో 2021లో ప్రభుత్వ కాలేజీల్లో నిషేధించింది, 2024లో వర్జీనియా, ఇల్లినాయ్ కూడా ప్రభుత్వ కాలేజీల్లో ఆపేశాయి, అదే ఏడాది మేరీల్యాండ్, కాలిఫోర్నియా ప్రైవేట్ కాలేజీలకి కూడా వర్తించేలా చట్టాలు చేశాయి. వీటిలో చాలావరకు మనవాళ్ళు బోలెడంతమంది ఉన్న రాష్ట్రాలే. ఆ బిల్లుల మీద హియరింగ్స్ జరిగినప్పుడు ఎంతమంది తెలుగువాళ్ళు వెళ్ళి మాట్లాడారు? హార్వర్డ్ ఉన్న మసాచుసెట్స్‌లో, యేల్ ఉన్న కనెటికట్‌లో అలాంటి చట్టం ఇంకా రాలేదు. ఇప్పుడు ఆ కాలేజీల్లో చదువుతున్న మన పిల్లలకి రేపు పిల్లలు పుడితే మనం కూడా లెగసీ అవుతాం కదా, ఎందుకు తీసేయడం అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. అయ్యా, అలా అనుకుంటే నిన్నటిదాకా మనం మాట్లాడిన మెరిట్ అంతా మన వంతు వచ్చేదాకానే అన్నమాట, అది మన పిల్లలకి నేర్పకండి.

మీరు కన్వెన్షన్లకి గవర్నర్లని, సెనేటర్లని, స్టేట్ అసెంబ్లీ మెంబర్లని పిలుస్తారు, ఎలక్షన్ టైంలో ఫండ్‌రైజింగ్ డిన్నర్లు పెడతారు, శాలువాలు కప్పుతారు, ఫొటోలు దిగుతారు. వాళ్ళు మన ఓట్లు, మన డబ్బులు కావాలనే వస్తారు, వచ్చినప్పుడు హెచ్1బీ గురించి, గ్రీన్ కార్డు లైను గురించి అడుగుతాం, అడగాలి కూడా. ఈసారి ఇంకో ప్రశ్న కూడా మైక్‌లో, అందరి ముందు అడగండి: మీ రాష్ట్రంలో లెగసీ సీట్లు, డోనర్ సీట్లు ఆపే బిల్లుకి మీరు ఓటేస్తారా లేదా? సమాధానం వీడియో తీసి మన గ్రూపుల్లో పెట్టండి.

ఇట్లు
మీ సంఘంలో ఒక లైఫ్ మెంబర్